ప్రతిభాన్వేషణము: సర్వేలు నుండి నిజాంసాగరు వఱకు

మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు పర్యవేక్షణమున సాగిన ఆ నిర్మాణము వలన బాన్సువాడ, బోధను ప్రాంతముల మెట్టభూములు వరిమడులుగా మాఱినవి. ఆ 1923వ సంవత్సరముననే హైదరాబాదు నగరమున బేగంపేట యందు వేఱొక సంస్థ వెలసెను. అది జాగీర్దారు కళాశాల. నవాబుల కుమారులకును, జాగీర్దారుల కుమారులకును మాత్రమే అందు ప్రవేశము. ఒకే యేట, ఒకే ప్రభుత్వము నీటిని పొలములకు పంచుటకు ఒక పద్ధతిని, మేలైన విద్యను పిల్లలకు పంచుటకు మఱియొక పద్ధతిని అవలంబించెను. కాలువ పోయిన దారిలోని పొలము ఎవరిదైనను తడిసెను. మేలైన బడి మాత్రము పుట్టుకను అడిగి తలుపు తెఱచెను.

నేడు ఆ ఆనకట్ట యున్న నిజాంసాగరులోనే జవాహర్ నవోదయ విద్యాలయము కలదు. అది బాన్సువాడకు దక్షిణమున కొద్దిపాటి దూరములోనే యున్నది. అందు ప్రవేశమునకు పుట్టుకను అడుగరు. పదేండ్ల పిల్లవానికి ఒక పరీక్ష పెట్టుదురు. పుట్టుకను అడిగిన కాలము నుండి పరీక్ష పెట్టు కాలమునకు మన సమాజము ఏ దారిన వచ్చెను? ఆ పరీక్ష ఎవరిని గుర్తించుచున్నది, ఎవరిని గుర్తింపలేకున్నది? ఈ రెండు ప్రశ్నలును పరస్పర సంబంధము గలవి. మొదటిదానికి చరిత్ర సమాధానము చెప్పును; రెండవదానికి సమాధానము మనము వెదకుకొనవలెను.

చుఱుకైన పిల్లవానిని గుర్తించుట మన దేశమునకు క్రొత్త కాదు. సర్ తామస్ మన్రో మదరాసు గవర్నరుగా ఉన్నప్పుడు, 1822లో, దేశీయ పాఠశాలల స్థితిని విచారింప వలసినదిగా కలెక్టర్లను ఆదేశించెను. బళ్లారి కలెక్టరు కేంబెల్ 1823లో సమర్పించిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధమైనది. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది పిల్లలును ఉండిరని ఆయన లెక్కించెను. సగటున బడి కొకటికి పండ్రెండు మంది. ఉదయమున అందఱికంటె ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవాని చేతిలో సున్న చుట్టుదురనియు ఆయన వర్ణించెను. పిల్లలను వారి వారి పాటవమును బట్టి తరగతులుగా విభజించి, క్రింది తరగతుల వారిని పెద్ద విద్యార్థుల చేతికి అప్పగించు పద్ధతి కూడ ఆయనను ఆకర్షించెను.

ఈ పద్ధతిలో గమనింప దగిన విశేష మొకటి కలదు. ఆ వీధిబడిలో తెలివిగల పిల్లవాడు బడి విడిచి పోలేదు. వాని తెలివి ప్రక్కవానికి పాఠమయ్యెను. కాని ఆ బడి మెట్టు ఎక్కగలిగిన వారెవరు? జిల్లా జనసంఖ్యలో వేయింటికి ఏడుగురు మాత్రమే చదువుచుండి రని కేంబెల్ లెక్కలే చెప్పుచున్నవి. గుమ్మము బయట నిలిచిన వారిలో ఎందఱు ప్రతిభావంతులుండిరో లెక్కించిన వారు లేరు.

నిజాము రాజ్యమున పరిస్థితి మఱింత చిక్కుగా ఉండెను. ఉన్నత పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగానే నడచెను. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య గఱపుట గొప్ప ప్రయోగమే. అయినను బాన్సువాడ పల్లెలోని తెలుగు పిల్లవానికి ఆ భాష ఇంటిలో వినబడునది కాదు. వానికి తెలివి యున్నచో చాలదు. ఆ తెలివిని పరభాషలో నిరూపింప వలసి యుండెను. ప్రజలు స్వయముగా నడపుకొను ఖానగీ పాఠశాలలకు సైతము ప్రభుత్వపు అనుమతి నిర్బంధమయ్యెను.

ఈ యిక్కట్టును తొలగింప బూనినవారు పలువురు. తరువాత నగర కొత్వాలుగా ప్రసిద్ధి కెక్కిన రాజబహద్దరు వెంకటరామారెడ్డి 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలును నెలకొల్పెను. పల్లె విద్యార్థికి నగరమున కూడు, గూడు దొరకినగాని చదువు సాగదని గ్రహించిన సంస్థ అది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలి సమావేశము జరిగెను. 1937లో నిజామాబాదున ఆఱవ సమావేశము మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగెను. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని ఆ మహాసభ కోరెను. వసతి, భాష అను ఈ రెండు సమస్యలును నేటికిని మన చర్చలోనే ఉన్నవి.

ఇక ప్రతిభను కొలుచు పరీక్షల సంగతి. పరీక్ష పెట్టి మనుష్యులను ఎన్నుకొనుట చీనా దేశమున పదుమూడు శతాబ్దములు సాగెను. రాజోద్యోగులను ఎన్నుకొను ఆ పరీక్షలు 1905లో రద్దయినవి. చిత్రముగా, ఆ యేటనే పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, తియడోర్ సిమోన్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు పిల్లల బుద్ధిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించిరి. బినే ఉద్దేశము మెఱికలను ఏఱుట కాదు. బడిలో వెనుకబడు పిల్లలను గుర్తించి వారికి ప్రత్యేక బోధన గావింప వలెనని ఆయన సంకల్పము. సాయము అవసరమైన వారిని కనుగొనుటకు పుట్టిన పనిముట్టు, కొలది కాలములోనే సాయము తక్కువ అవసరమైన వారిని కనుగొనుటకు వినియోగపడ జొచ్చెను.

అమెరికాలో లూయీ టెర్మన్ అను ఆచార్యుడు 1921లో కాలిఫోర్నియా పాఠశాలల నుండి 1,500కు పైగా పిల్లలను ఈ పద్ధతిలో ఎన్నుకొని, వారి జీవితములను పెక్కేండ్లు పరిశీలించెను. ఆ పిల్లలలో పలువురు గొప్పవారైరి. అయినను పరీక్షలో నెగ్గనందున ఆయన జాబితాలో చేరని ఇద్దఱు బాలురను చరిత్ర మఱువలేదు. వారు విలియం షాక్లీ, లూయీ అల్వరెజ్. మొదటివానికి 1956లోను, రెండవవానికి 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. జాబితాలోని వారిలో ఒక్కరికైనను ఆ బహుమానము రాలేదు. పరీక్ష వ్యర్థమని దీని యర్థము కాదు. జల్లెడ ఎంత మంచిదైనను దాని కన్నుల నుండి జాఱిపోవు గింజలుండునని మాత్రమే దీని వలన తెలియును.

స్వాతంత్ర్యానంతరము మన దేశము రెండు దారులను చేపట్టెను. పిల్లవాడు ఉన్న చోటనే ఉంచి, చదువునకు ధనసహాయము చేయుట మొదటి దారి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో ఢిల్లీలో ప్రారంభించిన విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకము మఱుసటి యేడు దేశమంతటికిని విస్తరించెను. 1976లో అది విజ్ఞానమునకే పరిమితము గాక, జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా మాఱెను. 2021 తరువాత ఆ పరీక్ష నిలిచిపోయినది. 2008లో ఆరంభమైన మఱియొక పథకము క్రింద, పేద కుటుంబములకు చెంది ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు పిల్లలకు పరీక్ష పెట్టి, తొమ్మిదవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వఱకు స్కాలర్‌షిప్పు లిచ్చుచున్నారు.

పిల్లవానిని ఉన్న చోటి నుండి తీసికొని పోయి, వసతితో కూడిన మంచి బడిలో ఉంచుట రెండవ దారి. ఈ దారికి మార్గదర్శకమైనది తెలుగు నేల. నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున 1971 నవంబరు 23వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు తొలి రెసిడెన్షియల్ పాఠశాల ప్రారంభమయ్యెను. అప్పటి ముఖ్యమంత్రి పి. వి. నరసింహారావు. అంతకు పూర్వము ఆయన విద్యాశాఖామాత్యుడుగా పనిచేసియుండెను. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టి పాఠశాలలే వెలసినవి. సర్వేలు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది.

ఆ పాఠశాలల ఉద్దేశము సరళమైనది. పల్లెలలో పేదవారి యిండ్ల తెలివిగల పిల్లలను ప్రవేశపరీక్ష ద్వారా ఎన్నుకొనవలెను. వారిని గురువులతో పాటు ఒకే ప్రాంగణమున ఉంచవలెను. తిండికిని, పుస్తకములకును వెదకుకొను పని లేకుండ చదివింపవలెను. ధనవంతుల పిల్లలకు రుసుములతో నడచు వసతి పాఠశాలలు ఎప్పటి నుండియో కలవు. జాగీర్దారు కళాశాలయే 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మాఱినది. అట్టి వసతిని సర్కారు ఖర్చుతో పేదవాని బిడ్డకు కల్పించుట సర్వేలు విశేషము.

పి. వి. నరసింహారావు 1985లో కేంద్ర ప్రభుత్వమున నూతనముగా ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి శాఖకు మంత్రి యయ్యెను. 1985-86లో హర్యానా యందలి ఝజ్జరులోను, మహారాష్ట్రము నందలి అమరావతిలోను తొలి నవోదయ విద్యాలయములు ప్రయోగాత్మకముగా ఆరంభమైనవి. 1986 నాటి జాతీయ విద్యావిధానము ఆ పథకమునకు దేశవ్యాప్తి నిచ్చెను. జిల్లాకొక విద్యాలయము అనునది నియమము. నేడు అట్టివి 650కి పైగా కలవు. తమిళనాడు మాత్రము ఈ పథకమును స్వీకరింపలేదు. సర్వేలులో మొలచిన నారు దేశమంతటను నాటబడినదని తెలుగువారు చెప్పుకొనుటలో అతిశయోక్తి లేదు.

నవోదయ ప్రవేశ విధానమును కొంచెము వివరింతును. ఐదవ తరగతి చదువుచున్న పిల్లలు తమ జిల్లాలోని విద్యాలయమునకే పరీక్ష వ్రాయవలెను. ఒక్కమాఱే అవకాశము. రెండు గంటల కాలములో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందు 50 మార్కులు మానసిక సామర్థ్యమునకు చెందినవి. బొమ్మలను పోల్చుట, వేఱుగా ఉన్నదానిని గుర్తించుట, లోపించిన భాగమును పూరించుట మొదలగునవి. మిగిలినవి లెక్కలకు 25, భాషకు 25. ప్రశ్నపత్రము తెలుగులో కూడ లభించును. ఆఱవ తరగతిలో చేర్చుకొను 80 మందిలో కనీసము నూటికి 75 వంతులు పల్లెల పిల్లలకు చెందవలెను. మూడింట ఒక వంతు బాలికలకు చెందవలెను. తొమ్మిదవ తరగతిలో కొందఱు విద్యార్థులు ఒక సంవత్సరము పాటు వేఱొక భాషా ప్రాంతపు విద్యాలయమునకు పోయి చదువుదురు. తెలుగు పిల్లవాడు హిందీ ప్రాంతమున, హిందీ పిల్లవాడు తెలుగు ప్రాంతమున ఒక యేడు నివసించుట ఎంతయు మెచ్చదగిన యేర్పాటు.

ఈ పథకమునకు విమర్శలు లేకపోలేదు. కొఠారీ కమిషను 1966లో సమర్పించిన నివేదికలో, ఇరుగుపొరుగు పిల్లలందఱును కలిసి చదువు సామాన్య పాఠశాలా విధానమును సిఫారసు చేసియుండెను. కొందఱిని ఏఱి ప్రత్యేకముగా ఉంచుట ఆ ఆదర్శమునకు విరుద్ధమని పలువురు వాదించిరి. 1990లో ఆచార్య రామమూర్తి అధ్యక్షుడుగా గల సంఘము, క్రొత్తగా నవోదయ విద్యాలయములను తెఱువరాదని అభిప్రాయపడెను. తరువాత ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్. జనార్దనరెడ్డి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1992లో, పథకమును కొనసాగింపవలెనని సూచించెను. అప్పటికి పి. వి. నరసింహారావు దేశమునకు ప్రధానమంత్రి. పథకము కొనసాగెను.

ఇరుపక్షముల వాదములును బలమైనవే. ఒక జిల్లాలో వేలకొలది పిల్లలుండగా ఎనుబది మందికి మాత్రమే మేలైన బడి నిచ్చుట న్యాయమా యని ఒకరు అడుగుదురు. ఆ ఎనుబది మందికైనను ఈయకున్నచో వారు ఏ బీడీల చాటల ముందో, ఏ కూలి పనులలోనో మిగిలిపోవుదురు గదా యని మఱియొకరు అడుగుదురు. నాటి బళ్లారి వీధిబడిలో తెలివిగల పిల్లవాడు తోటివారికి పాఠము చెప్పుచుండెను. నేడు అట్టివాడు ఊరిబడి విడిచి పోవుచున్నాడు. వానికి కలిగిన లాభము నిజమే. ఊరిబడికి కలిగిన నష్టమును నిజమే.

బాన్సువాడ పరిసరములను చూచినచో ఈ చర్చ మఱింత స్పష్టమగును. ఈ ప్రాంతము పలుభాషల కూడలి. పడమట జుక్కల్, మద్నూరు వైపున తెలుగుతో పాటు మరాఠీ, కన్నడములు వినవచ్చును. పట్టణమున ఉర్దూ మాటాడు కుటుంబములు కలవు. తండాలలో లంబాడీ భాష ఇంటిభాష. తండాలోని పదేండ్ల బాలిక తెలుగు ప్రశ్నపత్రమును చదువునప్పుడు, నిజాము కాలమున ఉర్దూ పాఠమును చదివిన తెలుగు బాలుడు పడిన శ్రమనే పడుచున్నది. బొమ్మల ప్రశ్నలలో భాష అంతగా అడ్డురాదు. కాని అట్టి బొమ్మలను ముందుగా చూచి అలవాటు పడినవారికి అవి సులభము. శిక్షణ కేంద్రమునకు డబ్బు కట్టగలిగిన యింటి పిల్లవాడు వానిని నూఱుమాఱులు చూచియుండును. బీడీలు చుట్టు తల్లికి చేదోడుగా నుండు బాలిక వానిని పరీక్ష నాడే తొలిసారి చూచును. అప్పుడు పరీక్ష కొలుచునది బుద్ధినా, అలవాటునా?

నియమములలోను సూక్ష్మములు కలవు. మూడు, నాలుగు, ఐదు తరగతులలో ఒక్క దినమైనను పట్టణపు బడిలో చదివిన పిల్లవాడు పల్లెవారి వాటాలోనికి రాడు. బాన్సువాడ ఇప్పుడు పురపాలక పట్టణము. చుట్టుపట్ల పల్లె నుండి మెఱుగైన చదువు కొఱకు పట్టణపు బడిలో చేరిన కూలివాని బిడ్డ ఆ వాటాను కోల్పోవును. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందుగా తెలిసియుండుట మేలు.

ప్రతిభ యనగా కాగితముపై గుర్తులు పెట్టుట మాత్రమేనా అను ప్రశ్నకు ఈ ప్రాంతమే గొప్ప సమాధాన మొసగినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండెను. తాడ్వాయి ఇప్పుడు బాన్సువాడ వలెనే కామారెడ్డి జిల్లాలోనిది. గురుకులముల పిల్లలలో కొందఱిని ఎన్నుకొని భువనగిరి కోట బండపై కొండలెక్కుట నేర్పిరి. అందు రాణించిన వారిని డార్జిలింగు, లడఖు ప్రాంతములకు పంపి శిక్షణ నిచ్చిరి. తుదకు పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమారును మిగిలిరి. 2014 మే 25వ తేదీన వారిరువురును ఎవరెస్టు శిఖరమును అధిరోహించిరి. అప్పటికి పూర్ణ వయస్సు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ శిఖరమును ఎక్కిన బాలికలలో ఆమెయే పిన్నవయస్కురాలు.

ఈ ఎన్నికలోని పద్ధతిని గమనింపుడు. ఇది రెండు గంటల పరీక్ష కాదు. బండ నెక్కు అవకాశమును ముందుగా ఇచ్చి, ఎక్కుచుండగా చూచి, చూచిన పిమ్మట ఎన్నుకొనిరి. కొండయే చూడని పిల్లను కొండలెక్కుట వచ్చునా యని కాగితముపై అడిగియుండినచో పూర్ణ పేరు మనకు తెలిసియుండెడిది కాదు. నేర్పి చూచుట, చూచి ఎన్నుట అను ఈ వరుస చదువునకు సైతము వర్తించును.

సర్వేలు నాటి మూడు బడుల తరువాత గురుకులములు ఎంతయో విస్తరించినవి. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖల క్రింద వందలకొలది పాఠశాలలు వెలసినవి. తెలంగాణములో ఐదవ తరగతి ప్రవేశమునకు ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు బాన్సువాడయు, నిజాంసాగరును క్రొత్తగా ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినవి. ఉమ్మడి జిల్లాకు ఒక్కటిగా ఉన్న నవోదయ ఆ విధముగా కామారెడ్డి జిల్లా పాలయ్యెను. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము దేశమున 28 క్రొత్త నవోదయ విద్యాలయములకు ఆమోదము తెలిపినప్పుడు, అందు తెలంగాణమునకు ఏడు లభించినవి. వానిలో నిజామాబాదు ఒకటి.

బడులు పెరిగిన కొలది ఎన్నిక యొక్క కాఠిన్యము తగ్గును. అయినను ప్రవేశ పట్టికలో పేరు లేని పిల్లలే ఎప్పుడును అధిక సంఖ్యాకులు. వారికి దిక్కు ఊరిబడి. ఆ బడిలోని ఉపాధ్యాయుడు. దరఖాస్తు సకాలమున నింపునది ఆయనయే. తండా బాలికకు పరీక్ష బొమ్మలను ముందుగా నాలుగుమాఱులు చూపగలవాడును ఆయనయే. మార్కులు రాకున్నను ఏ పిల్లవాడు మోటారు విప్పి బిగింపగలడో, ఏ పిల్ల కథ చెప్పినచో తరగతి యంతయు నిశ్శబ్ద మగునో ఆయనకే తెలియును. కావున ప్రతిభాన్వేషణము ఢిల్లీ నుండి వచ్చు ప్రశ్నపత్రముతో మొదలగునది కాదు. ఐదవ తరగతికి చాల ముందుగా, ఊరిబడి నల్లబల్ల యొద్ద మొదలగునది.

నిజాంసాగరు రైతుకు ఒక విషయము పుస్తకములు లేకయే తెలియును. తూము దగ్గఱి మడికి నీరు త్వరగా అందును. కాలువ చివరి మడికి ఆలస్యముగా అందును, ఒక్కొక్క యేడు అందనే అందదు. చివరి మడిలో పంట పండకున్నచో అది నేల లోపమని ఏ రైతును అనడు. అది నీటి వంతు లోపమని వాని కెఱుక. చదువు విషయమున మనము ఇంకను ఆ వివేకమును పూర్తిగా అలవఱచుకొనలేదు. పరీక్షలో నెగ్గని పిల్లవానిని తెలివి లేనివాడని అనుటకు ముందు, వానికి చదువు నీరు ఏ మేర అందినదో విచారించుట మన ధర్మము. ఎనుబది మందిని ఎన్నుకొనుట మంచి పనియే. ఎనుబది యొకటవ వాని బడిని సైతము ఆ ఎనుబది మంది బడితో సమానముగా తీర్చిదిద్దిన నాడు, 1923లో నీటికి తెఱచిన దారి విద్యకును తెఱచినట్లగును.